కార్డులో రాయని మూడు పిల్లలు

మా అమ్మమ్మకు మనుషుల జ్వరం చూడటం రాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే లోకమంతా నుదుటి మీద చెయ్యి పెడుతుంది. ఆమె చెవి పట్టుకుంటుంది. చెవి కొసను రెండు వేళ్ళ మధ్య కాసేపు నిలిపి, కళ్ళు మూసుకుని, "వెచ్చగానే ఉంది, చావవులే" అంటుంది. వేడెక్కితే ఆమెకు బెంగ లేదు. చల్లబడితేనే బెంగ. ఇది కనిపెట్టి నేనొకసారి రెండు చెవులకూ మంచుముక్కలు అదిమిపెట్టుకుని, దుప్పటి కప్పుకుని, మూలుగుతూ పడుకున్నాను. ఆమె చెవి పట్టుకుంది. నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రి వైపు పరుగెత్తింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, బరువు తక్కువేమీ కాదు. ఆసుపత్రి మెట్ల దగ్గర నవ్వు ఆగక నిజం చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను దింపి, మెట్టు మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు.

ఎందుకు లేవలేదో ఆ తర్వాత పక్కింటి పిన్ని చెప్పింది. మా అమ్మ నాకు రెండేళ్ళప్పుడు పోయింది. మడమలో రేకు ముక్క దిగింది. రెండు రోజులు ఒళ్ళు కాలిపోయింది. మూడో రోజు చల్లబడితే, జ్వరం దిగిందని అమ్మమ్మ సంబరపడి కాసేపు కునుకు తీసిందట. నాలుగో రోజుకు అమ్మ లేదు. నేను చేసిన వెధవ పనుల్లో, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేసేవి రెండు. మంచుముక్కలది మొదటిది.

చెవులు పట్టుకునే ఈ విద్య అమ్మమ్మకు ఉద్యోగంలో అబ్బింది. ఊరి చివర పరిశోధనశాల వెనక, కిటికీలు లేని పొడుగాటి భవనంలో, ఆమె పంతొమ్మిదేళ్ళు ఎలుకల్ని సాకింది. పొద్దున్నే వెళ్ళి స్నానం చేసి, వాళ్ళిచ్చిన బట్టలు కట్టుకుని, టోపీ, మాస్కు, ఒకదాని మీద ఒకటి రెండు జతల చేతి తొడుగులు వేసుకుంటేగానీ లోపలికి పోనివ్వరు. "పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదే" అనేది. లోపల గోడ పొడుగునా ఇనుప అరలు, అరల నిండా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బోనులు, వాటిలో చెక్కపొట్టు, పొట్టులో నల్ల చిట్టెలుకలు. ఒక్కో బోనుకు ఒక్కో కార్డు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎన్నడు పుట్టాయి, ఎన్ని ఆడ, ఎన్ని మగ. మూడు వారాలకు పిల్లల్ని తల్లి నుంచి వేరు చేసి, చిన్న పటకారుతో చెవికి కన్నం వేస్తారు. కుడి చెవి పైన వేస్తే ఒకటి, కింద వేస్తే రెండు, ఎడమ చెవి అంచున వేస్తే పది. చెవి చూసి నంబరు చెప్పాలి. అమ్మమ్మ దూరం నుంచే చెప్పేది. అందుకే అక్కడ ఆమె పేరు చెవుల పెద్దమ్మ. నా పేరు ఎలుకపిల్ల. నేను అక్కడ ఎప్పుడూ అడుగు పెట్టకపోయినా పేరు మాత్రం పెట్టేశారు.

ఆమె అరలో ఉన్నవి రెండు రకాలు. నాకౌట్ ఎలుకలనేవి కొన్ని, మామూలువి కొన్ని. అంత పెద్ద పేరు నోరు తిరగక అక్కడి పనివాళ్ళు వాటిని "లేనివి", "ఉన్నవి" అనేవారు. ఏది ఉన్నవి, ఏది లేనివి అని అమ్మమ్మ అడిగితే, ఆ ఎలుకల మీద పనిచేసే డాక్టరమ్మ అరగంట నిలబడి చెప్పింది. ఈ డాక్టరమ్మ మందులిచ్చే డాక్టరు కాదు. అది తెలియక అమ్మమ్మ మొదటి ఏడాదంతా ఆమెకు తన మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంది. ఆమె పాపం అన్నీ విని, "నడవండి పెద్దమ్మా" అనేది.

"ఒంట్లోకి క్రిమి వచ్చిందనుకోండి," అంది డాక్టరమ్మ. "కణం గుమ్మం దగ్గర కాపలావాడు ఉంటాడు. వాడు క్రిమిని గుర్తుపడతాడు. కానీ గుమ్మం వదిలి లోపలికి పోలేడు. లోపలికి కబురు మోసుకెళ్ళడానికి వేరే ప్రొటీన్ ఉంది. ఆ కబురు అందితే లోపల గంట మోగుతుంది. జ్వరం, వాపు, నొప్పి, అన్నీ ఆ గంట చప్పుడే."

"మరి వీటికి?"

"కబురు మోసేదాన్ని తయారుచేసే జన్యువును తీసేశాం. కాపలావాడు ఉన్నాడు, గంట ఉంది. మధ్యలో మనిషి లేడు."

"ఉన్నదాన్ని తీసేయడం ఎందుకమ్మా?"

"ఒక మనిషి ఏం పని చేస్తున్నాడో తెలియాలంటే, వాడు రాని రోజు చూడాలి కదా."

"అయితే నేను రాని రోజు వచ్చి చూడండి, నా పనేంటో తెలుస్తుంది," అంది అమ్మమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారట.

తర్వాత అమ్మమ్మ పొట్టు మారుస్తూ, తల ఎత్తకుండా, అసలు మాట అడిగింది. "మా అమ్మాయికి గంట మోగిందా, మోగలేదా?"

డాక్టరమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. మడమ సంగతి, మూడో రోజు సంగతి అన్నీ అడిగి తెలుసుకుంది. "మోగింది పెద్దమ్మా. ఆగకుండా మోగింది. ఒక్కోసారి క్రిమి కంటే ఆ గంటే చంపుతుంది."

"ఆ కబురు మోసేది లేకుండా పుట్టుంటే బతికేదా?"

"లేదు. ఇంకా ముందే, ఏ చిన్న గాయానికో పోయేది. గంట మోగదు కాబట్టి ఎవరికీ తెలిసేది కూడా కాదు."

"ఎటు చూసినా పోయేదేనన్నమాట."

"గంట ఎంత మోగాలో అంతే మోగేలా చేయొచ్చా అని వెతుకుతున్నాం. దానికే ఇవన్నీ."

ఆ రోజు నుంచి ఆ అర మీద అమ్మమ్మకు పట్టుదల వచ్చింది. ప్రేమ అనను. ఆమె ఎలుకల్ని ప్రేమగా చూసే రకం కాదు. చంపాల్సినవాటిని గ్యాస్ పెట్టెలో పెట్టి చంపేది, ఇంటికొచ్చి అన్నం తినేది. కానీ వాటి కార్డులో ఒక్క అంకె తప్పనిచ్చేది కాదు. మా ఇంట్లో పప్పు డబ్బాకు, మందుల సీసాకు, చివరికి నా చెప్పుల జతకు కూడా తేదీ రాసిన కార్డు ఉండేది. డబ్బాల మీది కార్డులు నేను ఒకదానిది ఇంకొకదానికి మార్చి తమాషా చూసేదాన్ని. "కార్డు మారిస్తే లోపలున్నది మారదే, తినేవాడి కడుపు మారుతుంది" అని తిట్టేది.

అంత మనిషి తప్పు చేసింది. అది ఎలా జరిగిందో కొంత ఆమె చెప్పింది, కొంత డాక్టరమ్మ చెప్పింది.

ఒకనాడు "ఉన్నవి" వరసలో ఒక తల్లి ఎలుక ఈనిన మూడో రోజుకే చచ్చిపోయింది. పిల్లల్లో మూడే మిగిలాయి. కళ్ళు తెరవనివి, ఎర్రగా చిక్కుడుగింజల్లా ఉన్నవి. అలాంటివాటిని తీసేయాలని, అంటే చంపేయాలని, రూలు. లేదా డాక్టరమ్మ ఒప్పుకుని, ఆ భవనం ఇన్‌ఛార్జి సంతకం పెడితే, ఇంకో తల్లికి పెంపకానికి ఇవ్వొచ్చు. డాక్టరమ్మ రెండు రోజులు ఊళ్ళో లేదు. సంతకానికి ఇన్‌ఛార్జి సవాలక్ష అడుగుతాడు. పిల్లలు చూస్తే సాయంత్రం దాకా ఆగేలా లేవు. పక్క వరసలో ఒక "లేనిది", ఈ తల్లి ఈనిన రోజే ఈని, ఐదు పిల్లలతో, పాలు పొంగుతూ ఉంది. అమ్మమ్మ ఆ బోనులోని పొట్టును పిడికెడు తీసి, మూడు పిల్లలకూ బాగా రుద్దింది. ఆ వాసన పడితే తల్లి తన పిల్లలే అనుకుంటుంది. రుద్ది, ఐదింటి మధ్యలో దూర్చింది. తల్లి వచ్చి ఎనిమిదింటినీ మూతితో లాక్కుని పొట్ట కింద పెట్టుకుంది.

"నీకేం పట్టింది అమ్మమ్మా? పంతొమ్మిదేళ్ళలో ఎన్ని వందలు చంపావు, ఈ మూడింటి మీద ఎందుకు జాలి?" అని తర్వాత నేను అడిగాను.

"జాలి కాదే. పాలు ఉన్నాయి, పిల్లలు ఉన్నాయి. ఊరికే ఎందుకు పారేయడం."

మూడూ మగవే. నల్ల ఎలుకల్లో మగపిల్లలకు నాలుగో రోజుకే తోక కింద ఆవగింజంత మచ్చ కనపడుతుందట. వాటి తోకలకు నల్లసిరా కలంతో గీత పెట్టింది. తల్లి నాకి నాకి చెరిపేస్తుంది కాబట్టి రోజు విడిచి రోజు మళ్ళీ గీసేది. మూడు వారాలకు పిల్లల్ని వేరు చేసేటప్పుడు తన మూడింటినీ తీసి "ఉన్నవి" బోనులో కలిపేస్తే ఎవరికీ ఏ గొడవా ఉండదని ఆమె లెక్క. కార్డు మీద మాత్రం ఏమీ రాయలేదు. రాస్తే సంతకం కావాలి. ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, కార్డులో రాయకుండా పిల్లను మార్చినవాళ్ళు ఆ రోజే ఇంటికి అని.

ఇప్పుడు నేను సిగ్గుపడే రెండో సంగతి. ఆ పిల్లలకు పదిహేడో రోజున నాకు పదో తరగతి లెక్కల పరీక్ష. పరీక్ష రాయడం కంటే గోడ దూకడం తేలికని నాకు తోచింది. గోడ అవతల కాలువ తవ్వి ఉందని తోచలేదు. కాలు రెండు చోట్ల విరిగింది. అమ్మమ్మ ఆరు రోజులు సెలవు పెట్టి ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుంది. పూటపూటా నా చెవి పట్టుకునేది. "కాలు విరిగితే చెవి ఎందుకే" అని పక్క మంచం ఆవిడ నవ్వేది. నా చదువు అంతటితో సరి.

ఆ ఆరు రోజులూ ఆమె అర చూసింది ఈలబాబు. ఎప్పుడూ ఈల వేస్తాడని ఆ పేరు. మంచివాడే, పని చకచకా చేస్తాడు. ఇరవై ఒకటో రోజు వచ్చింది, కార్డు చూశాడు, తల్లీతండ్రీ ఇద్దరూ "లేనివి". ఎనిమిది పిల్లల్ని వేరు చేసి, మగవి ఐదు ఒక బోనులో, ఆడవి మూడు ఒక బోనులో వేసి, చెవులకు కన్నాలు పెట్టి, కొత్త కార్డులు రాసి పెట్టాడు. తోకల మీద గీతలా? నాలుగు రోజులుగా ఎవరూ మళ్ళీ గీయలేదు. తల్లి శుభ్రంగా నాకేసింది.

అమ్మమ్మ తిరిగి వచ్చి, ఐదు మగవాటినీ ఒక్కొక్కటే దీపం కింద పెట్టి తోకలు చూసింది. ఐదూ ఒకేలా ఉన్నాయి. అన్నీ నలుపే, అన్నీ మెరుపే. లోపల జన్యువు ఉందో లేదో పైకి కనపడదు. పరీక్షకు పంపితే తేలుతుంది. కానీ పరీక్షకు పంపాలంటే ఎందుకో చెప్పాలి. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు తొమ్మిది నెలల తర్వాత వచ్చింది.

మొదట అంత గండమేమీ అనిపించలేదు. ఐదు వారాలు గడిచాయి. డాక్టరమ్మకు పన్నెండు "లేని" మగవి, పన్నెండు "ఉన్న" మగవి కావలసి వచ్చాయి. చచ్చిన క్రిముల గోడల నుంచి తీసిన విషం ఒకటుంది. అది కొద్దిగా ఎక్కిస్తే "ఉన్నవి" తమ గంట తామే మోగించుకుని, చివరికి ఒళ్ళు చల్లబడి పడిపోతాయి. "లేనివి" ఏమీ జరగనట్టు గింజలు కొరుక్కుంటాయి. పన్నెండు లేనివాటిలో ఆ ఐదూ పోయాయి. అమ్మమ్మ రోజు చూసుకుని సెలవు పెడదామనుకుని, పెట్టలేక, తనే తోపుడుబండి మీద బోనులు తీసుకెళ్ళి ఇచ్చింది.

మర్నాడు పొద్దున ముందుగా గదిలోకి వెళ్ళింది ఆమే. ఆ ఐదు ఉన్న బోనులో రెండు పరుగులు తీస్తున్నాయి. మూడు మూలకు చేరి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కళ్ళు సగం మూసి, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మూత తీసి ఒకదాని చెవి పట్టుకుంది. రెండు జతల తొడుగుల మీంచి కూడా చల్లదనం తెలిసిందట.

డాక్టరమ్మ వచ్చింది, చూసింది, ముఖం పాలిపోయింది. కార్డు తీసింది. తల్లి "లేనిది", తండ్రి "లేనిది". తాతలు, ముత్తాతలు అంతా లేనివే. అలాంటి కాన్పులో పిల్లల్ని విడిగా పరీక్షించరు, అది అక్కడి పద్ధతి. పైగా అది చెవుల పెద్దమ్మ అర. పంతొమ్మిదేళ్ళుగా ఆ అర కార్డు తప్పింది లేదు. కార్డును నమ్మింది కాబట్టి ఆమెకు మిగిలింది ఒకటే దారి.

"పెద్దమ్మా," అంది మెల్లగా. ఆమె ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది. "కబురు మోసేవాడు లేకపోయినా కబురు లోపలికి వెళ్ళింది. రెండో దారి ఉంది."

అమ్మమ్మ నోరు తెరిచింది. "గదిలో చలిగా ఉందమ్మా," అంది. అంతే అనగలిగింది.

ఆ రెండో దారి కోసం డాక్టరమ్మ ఎనిమిది నెలలు వెతికింది. పదిహేను రోజులకోసారి పన్నెండు లేనివి, పన్నెండు ఉన్నవి. వయసు వల్లనా, తిండి వల్లనా, పుట్టిన వేళ వల్లనా? విషం పాళ్ళు మార్చింది, పూట మార్చింది. ఉన్నవి ప్రతిసారీ పడిపోయాయి, లేనివి ప్రతిసారీ గింజలు కొరికాయి. రెండో దారి మళ్ళీ కనపడలేదు. కనపడనికొద్దీ అది ఇంకా లోతుగా ఉందనుకుంది. పరీక్ష అయ్యాక రెండు రకాలనూ చంపి లోపల చూడాలి. ఆ పని అమ్మమ్మదే.

ఇంట్లో ఆమె మాట తగ్గింది. నేను కుంటుకుంటూ చుట్టూ తిరిగి ఎగతాళి చేసేదాన్ని. "ఏమే ముసలీ, ఎలకలు నీ నాలుక కొరికేశాయా?" అనేదాన్ని. మూడో నెలలో ఒక సాయంత్రం, బట్టలు మడతపెడుతూ, మొత్తం చెప్పింది. చెప్పి, "నూట నలభై నాలుగు" అంది.

"ఏంటి?"

"అప్పట్నుంచి పోయినవి. నేను నోరు తెరవనందుకు."

నేను ఏం చెప్పానో రాయాలి. "చెప్పకు అమ్మమ్మా," అన్నాను. "ఎవరు చూశారు? ఈలబాబుకే తెలీదు. ఉద్యోగం పోతే నిన్నెవరు పెట్టుకుంటారు ఈ వయసులో? ఆవిడకు నువ్వు కాకపోతే ఇంకో పెద్దమ్మ దొరుకుతుంది."

"ఆవిడకు దొరకనిది పెద్దమ్మ కాదే. లేని దారి వెతుకుతోంది."

"వెతుక్కోనీ. చదువుకున్నది కదా, ఏదో ఒకటి తేల్చుకుంటుంది."

"తేలదు. నేను చెప్పిందాకా తేలదు." మడతపెట్టిన చొక్కాను విప్పి మళ్ళీ మడతపెట్టింది. "మీ అమ్మకు ఏమైందో తెలుసుకుంటానంటే, తెలుసుకునేదాని కళ్ళలో నేనే పొట్టు కొట్టాను."

అయినా నా మాట విని ఇంకో ఐదు నెలలు ఊరుకుంది. అందులో నా పాలు ఎంతో నాకు తెలుసు.

ఎనిమిదో నెలలో డాక్టరమ్మ ఎనభై అడిగింది. ఇదే ఆఖరుదని, తేలినా తేలకపోయినా ఉన్నంత వరకు సైన్సు పత్రికకు రాసి పంపేస్తానని చెప్పింది. అమ్మమ్మ బండి మీద మొదటి ఎనిమిది బోనులు పెట్టుకుని పరీక్ష గదికి వచ్చింది. డాక్టరమ్మ విషం సీసా వెలుగుకు పెట్టి చూస్తోంది.

"పెద్దమ్మా, ఈసారి ఆ దారి దొరక్కపోతే నా పేరు మార్చుకుంటా."

"దొరకదమ్మా," అంది అమ్మమ్మ. "ఆ సీసా కింద పెట్టండి."

నిలబడే చెప్పింది. ఎర్రగా ఉన్న పిల్లల దగ్గర నుంచి, పిడికెడు పొట్టు, సిరా గీత, ఆరు రోజుల సెలవు వరకు. నా కాలు సంగతి మాత్రం చెప్పలేదు, ఇంట్లో పని ఉండి సెలవు పెట్టానంది. ఆఖర్న డాక్టరమ్మ, "ఏ తేదీ?" అంది. అమ్మమ్మ చెప్పింది. "ఎన్ని?" "మూడు. మగవి." డాక్టరమ్మ సీసాను జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, మూత బిగించి, చేతి తొడుగులు తీసేసింది.

"ఎనిమిది నెలలు రోజూ నా ముఖం చూశారు కదా పెద్దమ్మా."

"చూశానమ్మా."

"రోజూ అడిగాను కదా, ఈ కాన్పులో ఏమైనా తేడా చూశారా అని."

"అడిగారు."

ఆ మూడింటి లోపలి ముక్కలు ఫ్రీజర్‌లో దాచి ఉన్నాయి. రెండు రోజుల్లో తేలింది. మూడూ ఉన్నవే.

ఇన్‌ఛార్జి పిలిచాడు. పెద్దగా అరవలేదట. "ఒక కార్డు అబద్ధమైంది," అన్నాడు. "మిగతావి నిజమని నేనెలా అనుకోను?"

"అదొక్కటేనండీ. పంతొమ్మిదేళ్ళలో అదొక్కటే."

"అది కూడా మీరు చెబితేనే కదా తెలిసింది. చెప్పనివి ఎన్నో నాకేం తెలుసు?"

అమ్మమ్మ డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ నేల వైపు చూసింది. అది తప్పని నేను అనలేను. ఆమె ఇంకో నాలుగు నెలల్లో పని చూపించి తన చోటు నిలబెట్టుకోవాలి. చూపించడానికి మిగిలింది ఏమీ లేదు.

అర మొత్తం తీసేయాలని నిర్ణయించారు. అరవై నాలుగు బోనులు. కొత్త జంటను వేరే చోట నుంచి తెప్పించుకుని మొదటి నుంచి మొదలుపెడతారట. అమ్మమ్మ జరిగింది రాసి సంతకం పెట్టి ఇవ్వాలి, ఇచ్చి వెళ్ళిపోవాలి.

ఆమెకు అంకెలు, తేదీలు తప్ప రాయడం రాదు. నాకు వచ్చు, తప్పులతో. ఆ సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని ఆమె చెబుతుంటే రాశాను. మూడు పిల్లల్ని ఫలానా తేదీన మార్చాను. కార్డులో రాయలేదు. అని రాశాక, ఆమె అడగకుండానే ఇంకో వాక్యం కలిపాను. చదవమంది.

"...మా మనవరాలు పరీక్ష ఎగ్గొట్టి గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నందువల్ల నేను ఆరు రోజులు..."

"అది కొట్టెయ్."

"నిజమే కదా అమ్మమ్మా."

"నీ కాలుకూ ఎలకలకూ ఏం సంబంధం? నువ్వు మార్చావా పిల్లల్ని? నువ్వు గీత గీశావా? పెద్ద వచ్చింది, ప్రతిదాంట్లో వేలు పెట్టడానికి."

"నేను దూకకపోతే..."

"నువ్వు దూకకపోతే నేను తప్పించుకునేదాన్ని. తప్పు చేయకుండా ఉండేదాన్ని కాదు. కొట్టెయ్."

ఆ వాక్యం లేకుండా ఇంకో కాగితం రాశాను. సంతకం పెట్టించేటప్పుడు కాగితం మార్చి, ఆ వాక్యం ఉన్న కాగితం ఇచ్చి చూశాను. ఆమెకు చదవడం రాదు గానీ వరసలు లెక్కపెట్టడం వచ్చు. "ఇందులో పదకొండు ఉన్నాయి. ఇందాక తొమ్మిదే," అంది. నా వైపు చూడకుండా చెయ్యి చాపింది. తొమ్మిది వరసల కాగితం ఇచ్చాను.

అర తీసేసే పని ఈలబాబుకు అప్పగించారు. అమ్మమ్మ ఆ ఒక్క రోజు తనకు వదలమని ఇన్‌ఛార్జిని అడిగింది. ఈలబాబు గ్యాస్ ఒక్కసారిగా తిప్పేస్తాడు. అలా తిప్పితే అవి గోడలకు ఎగబాకుతాయి. కొద్దికొద్దిగా వదిలితే ముందు మగత కమ్ముతుంది, తర్వాత సంగతి వాటికి తెలియదు. అలా వదిలితే ఒక్కో విడతకు మూడింతలు పడుతుంది. "మీ ఇష్టం," అన్నాడు ఇన్‌ఛార్జి.

నేను ఆమె సంచి మోయడానికని వెళ్ళి, వెనక గేటు బయట నిలబడ్డాను. లోపలికి రానివ్వరు. పొద్దున ఎనిమిదికి లోపలికి వెళ్ళింది. మధ్యాహ్నం దాటింది, ఎండ పోయి గాలి మొదలైంది. మధ్యమధ్యలో ఈలబాబు తెల్ల సంచులు తెచ్చి వెనక గదిలో పెట్టి పోతున్నాడు. ఆ రోజు ఈల వేయలేదు. నన్ను చూసి, "ఎలుకపిల్లా, లోపల కుర్చీ ఉంది, తెచ్చివ్వనా?" అన్నాడు. వద్దన్నాను. నిలబడితేనే బాగుందనిపించింది, కాలు నొప్పి పుడుతున్నా.

ఐదింటికి ఆమె బయటికి వచ్చింది. స్నానం చేసి, సొంత బట్టలు కట్టుకుని, జుట్టు తడిగా ఉంది. వెనకే డాక్టరమ్మ వచ్చింది. ఇద్దరూ గేటు దగ్గర ఆగారు. డాక్టరమ్మ అంది.

"కబురు వెళ్ళడానికి ఉన్నది ఒకటే దారి పెద్దమ్మా. నేను మొదట రాసుకున్నదే."

"గంట సంగతి ఇంకోసారి చూస్తారా అమ్మా? కొత్త జంట వచ్చాక?"

"నేను ఉంటే చూస్తాను."

ఉండదని ముగ్గురికీ తెలుసు. డాక్టరమ్మ నా కాలు వైపు చూసింది. కుంటడం ఆమె కనిపెట్టింది. ఎప్పుడు విరిగిందని అడిగింది. నేను తేదీ చెప్పాను. అమ్మమ్మ నా మోచెయ్యి గట్టిగా గిల్లింది గానీ అప్పటికే చెప్పేశాను. డాక్టరమ్మ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, తల ఊపి, లోపలికి వెళ్ళిపోయింది.

రోడ్డు మీద కొంత దూరం నడిచాం. నాకు ఊరుకోవడం రాదు. "ఎన్ని అమ్మమ్మా?" అన్నాను.

"రెండు వందల డెబ్బై ఒకటి."

"కార్డుల్లోనూ అంతేనా?"

"అంతే. ఒక్కటి కూడా తేడా లేదు." సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ అంది, "ఒక్కో విడతా ఇన్‌ఛార్జికి చదివి వినిపించాను. చెవి చూసి నంబరు, కార్డు చూసి నంబరు. అన్నీ కలిశాయి."

"ఏమన్నాడు?"

"సంచి మూతి గట్టిగా కట్టమన్నాడు."

బస్సు ఆగే చోట బెంచీ ఖాళీగా ఉంది. కూర్చున్నాం. ఆమె చెయ్యి అలవాటుగా నా చెవి మీదికి వచ్చింది. మధ్యాహ్నం నుంచీ గాలిలో నిలబడ్డానేమో, చెవులు గడ్డకట్టినట్టున్నాయి. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గాలికే అమ్మమ్మా," అన్నాను వెంటనే. "మంచుముక్కలు కాదు. ఒట్టు."

ఆమె సంచి కింద పెట్టి, రెండు చేతులతో నా రెండు చెవులూ పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు కూడా చల్లగా, సబ్బు వాసనతో ఉన్నాయి. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరిచింది, కండక్టరు మా వైపు చూశాడు, బస్సు వెళ్ళిపోయింది. ఆమె రుద్దుతూనే ఉంది. చెవులు మండుతున్నాయి. చాల్లే అందామనుకుని, అనలేదు.